వంద యెన్ల సైన్యం

నిషికసాయి స్టేషన్‌లో దిగి మా అపార్ట్‌మెంట్‌కి నడిచే దారిలో ఒక సూపర్‌మార్కెట్ ఉండేది. సైకిల్ స్టాండుకీ లోపలికెళ్లే తలుపుకీ మధ్య, గోడ వారగా, రెండంతస్తుల్లో పేర్చిన గాచా మెషీన్లు. 2013లో ప్రాజెక్టు మీద టోక్యో వెళ్లిన కొత్తలో వాటి వంక సరిగా చూసింది కూడా లేదు. అవి పిల్లలవి. ఆ చుట్టుపక్కల మనవాళ్లు బాగానే ఉండేవాళ్లు కాబట్టి, "అమ్మా ఒక్కటే, ఒక్కటంటే ఒక్కటే" అని తెలుగులో మారాం చేసే పిల్లలూ, చెయ్యి పట్టి లాక్కుపోయే తల్లులూ రోజూ కనిపించేవాళ్లు. ఏడాది తిరిగేసరికి ఆ మెషీన్ల ముందు గొంతుక్కూర్చుని జేబులో చిల్లర వెతుక్కుంటున్నది నేను. నన్ను లాక్కుపోవడానికి అమ్మ గుంటూరులో ఉంది.

ఎప్పుడూ చూడనివాళ్ల కోసం చెప్తాను. మెషీన్ అంటే పెద్దదేం కాదు, మోకాలెత్తు ప్లాస్టిక్ పెట్టె. లోపల పిడికిట్లో పట్టే గుండ్రటి డబ్బీలు, ఒక్కోదాంట్లో ఒక్కో బొమ్మ. ముందు అంటించిన కార్డు మీద ఆ సిరీస్‌లో ఏమేం బొమ్మలున్నాయో ఫొటోలుంటాయి. వంద యెన్ల నాణేలు గాడిలో పెట్టి పిడి తిప్పితే గరగరమని చప్పుడయ్యి కింద ఒక డబ్బీ పడుతుంది. కరెంటు లేదు, బటన్ లేదు. ఏది పడుతుందో మన చేతిలో లేదు. 1965లో అమెరికా నుంచి జపాన్‌కి వచ్చిన సరుకు ఇది, అప్పట్లో పది యెన్లు. 1977లో బందాయ్ కంపెనీ వంద యెన్ల మెషీన్లతో దిగాక బొమ్మల నాణ్యత మారిపోయింది. గాషపోన్ అని పేరు రిజిస్టర్ చేసుకున్నది వాళ్లే గానీ, జనం మాత్రం ఎవరి మెషీన్ అయినా గాచా అనే అంటారు.

నాకు ఈ పిచ్చి అంటించింది మా టీమ్‌లోని ఒక జపాన్ సీనియర్. నలభై దాటినాయన. మీటింగుల్లో నోరు విప్పడు, కానీ ఆయన మానిటర్ కింద అరంగుళం పట్టీ మీద వేలెడంత రోబోలు బారులు తీరి నిలబడి ఉండేవి. ఒకరోజు ధైర్యం చేసి, నేను కూడా చిన్నప్పుడు కార్టూన్ నెట్‌వర్క్‌లో గండమ్ వింగ్ అనే జపాన్ రోబోల కార్టూన్ చూశానని చెప్పాను. ఆయన నవ్వాడు. వింగ్ 1995 నాటిది, ఆయన లెక్కలో అది నిన్నగాక మొన్నటిది. అసలు గండమ్ అంటే 1979లో వచ్చిన మొదటి సిరీసే. ఆ రోజు నుంచి మధ్యాహ్నం భోజనాల దగ్గర నాకు పాఠాలు మొదలయ్యాయి. నా జపనీస్ అంతంతమాత్రం, ఆయన ఇంగ్లీషు అంతకన్నా తక్కువ. రోబోల గురించి మాట్లాడటానికి ఆ రెండూ కలిపితే సరిపోయేవి.

మొదటి గండమ్ టీవీలో వచ్చినప్పుడు పెద్దగా ఎవరూ చూడలేదట. 52 ఎపిసోడ్లు అనుకున్నది 43తో ముగించేశారు. స్పాన్సర్ బొమ్మల కంపెనీ. చిన్నపిల్లల కోసం వాళ్లు చేసిన బొమ్మలు ఆడలేదు. 1980 జూలైలో బందాయ్ వాళ్లు అదే రోబోని 1/144 సైజులో, 300 యెన్లకి, విడిభాగాలు మనమే బిగించుకునే కిట్‌గా తెచ్చాక కథ తిరగబడింది. దుకాణాల ముందు పిల్లల క్యూలు. మా సీనియర్ అప్పుడు మూడో తరగతి. కిట్ కొనడానికి చేతిలో డబ్బుల్లేని రోజుల్లో గాచాయే దిక్కు. 1983 నుంచి కిన్నికుమాన్ అనే కామిక్‌లోని మల్లయోధుల బొమ్మలు, 1985 నుంచి పెద్ద తలా పొట్టి కాళ్లూ ఉన్న ఎస్‌డి గండమ్‌లు. పేరుకి అవన్నీ పెన్సిల్ రబ్బర్లు. వాటితో తుడిస్తే కాగితం నల్లబడుతుంది తప్ప అక్షరం చెరగదట. స్కూలుకి బొమ్మలు తేకూడదు, రబ్బర్లు తేవచ్చు కదా అనేవాడు ఆయన, ఇప్పటికీ అదేదో లాయర్ పాయింటు గెలిచినంత సంతోషంగా.

నా మొదటి డబ్బీలో వచ్చింది జాకూ. గండమ్ కథలో శత్రుపక్షమైన జియోన్ వాళ్ల మామూలు సైనిక యంత్రం. ఆకుపచ్చ ఒళ్లు, నోటి దగ్గర గొట్టం, నుదుటి కింద అటూ ఇటూ తిరిగే ఒంటి కన్ను. కథ ప్రకారం ఎత్తు 17.5 మీటర్లు, నా అరచేతిలో అయిదు సెంటీమీటర్లు. నాకు కావాల్సింది తెలుపూ నీలం గండమ్. రెండోసారి తిప్పాను, మళ్లీ జాకూ. ఇంకోసారి తిప్పితే జిమ్. జిమ్ అంటే ఖరీదైన గండమ్‌ని చూసి, ఖర్చు తగ్గించి, వందల్లో తయారుచేసిన మొహం లేని కాపీ. అప్పట్లో ఒక్కో డబ్బీ రెండు వందల యెన్లు, అంటే మన డబ్బుల్లో నూట ఇరవై రూపాయల దాకా. రూపాయల్లోకి మార్చి చూసుకునే అలవాటు పోని రోజులవి. గుండె తరుక్కుపోయింది.

మర్నాడు ఆ రెండు జాకూల్ని సీనియర్‌కి చూపించి, ఒకటి దండగ అయిపోయిందన్నాను. ఆయన తన పట్టీ వైపు చూపించాడు. అప్పుడు గమనించాను, అక్కడున్న వరసలో సగం జాకూలే. గండమ్ ఒక్కటే.

ఆయన వాదన ఇదీ. 1972 నాటి మజింగర్ జెడ్ లాంటి రోబోలు ఒక్కొక్కటీ ఒక వీరుడు. వాటికి కవలలు ఉండవు. గండమ్ దర్శకుడు యోషియుకి తొమినో, యంత్రాలు గీసిన కునియో ఒకవారా చేసిన పని వేరు. రోబోని ఆయుధంగా చూపించారు. దానికి ఫ్యాక్టరీ ఉంటుంది, మోడల్ నంబరు ఉంటుంది, తూటాలు అయిపోతాయి, ఒకటి పేలిపోతే అలాంటిదే ఇంకొకటి వస్తుంది. కాబట్టి షెల్ఫ్ మీద గండమ్‌లు రెండుంటే అది అబద్ధం. జాకూలు పది ఉంటే అది నిజం. గాచా ఆడే ప్రతివాడూ భయపడేది ఒకే బొమ్మ మళ్లీ మళ్లీ పడటానికి. దాన్ని దబురి అంటారు. దబురి పడితే పండగ చేసుకోగలిగిన బొమ్మ సైనికుడొక్కడే. ఈ మాట నా బుర్రలోకి దిగాక నా ఖర్చు రెట్టింపయిందని వేరే చెప్పాలా?

అక్కడి నుంచి నేను తిప్పే పద్ధతే మారింది. అందరూ హీరో కోసం తిప్పి, జాకూ పడితే మొహం చిట్లించుకుంటారు. నేను వాళ్ల వెనక నిలబడేవాణ్ని. అకిహబారా గాచాపోన్ కైకాన్‌లో ఇది బాగా పనిచేసేది. చిన్న దుకాణం, లోపల అయిదు వందల దాకా మెషీన్లు, మధ్యలో ఇద్దరు ఎదురుపడితే ఒకరు పక్కకి తిరగాల్సినంత సందు. శనివారాలు అక్కడ అపరిచితులు కూడా మాట మాట కలిపి, నీ దబురి నాకివ్వు, నాది నువ్వు తీసుకో అని మార్చుకునేవాళ్లు. నేను చేతిలో ఉన్న ఒకే ఒక్క మెరిసే హీరో బొమ్మని ఇచ్చేసి మూడు జిమ్‌లు అడిగితే, ఎదుటి కుర్రాడు నన్ను అనుమానంగా చూశాడు. విదేశీయుడు, పాపం తెలియదేమో అని రెండుసార్లు అడిగి మరీ ఇచ్చాడు.

తిప్పడంలో కిటుకులు కూడా ఉండేవి. డబ్బీ సగం రంగు, సగం పారదర్శకం. మెషీన్ పక్క నుంచి వంగి చూస్తే తర్వాత పడబోయేదాంట్లో ఏ రంగు ప్లాస్టిక్ ఉందో లీలగా తెలుస్తుంది. ఆకుపచ్చ కనిపిస్తే సరే. అలా వంగి చూసే పెద్దమనుషుల వెనక నాలుగేళ్ల పిల్లవాడు నాణెం పట్టుకుని ఓపిగ్గా నిలబడి ఉంటాడు. అప్పుడు లేచి దారివ్వడం మర్యాద. నోట్లకి నాణేలిచ్చే మెషీన్ పక్కనే ఉండటం ఇంకో ప్రమాదం. వెయ్యి యెన్ల నోటు ఒకసారి నాణేలయ్యాక తిరిగి ఇంటికి రాదు. విప్పిన ఖాళీ డబ్బీలు వేయడానికి బుట్ట పెట్టేవాళ్లు. అది నిండి ఉందంటే ఆ వారం మంచి సిరీస్ వచ్చినట్టు.

డబ్బీలో ఇరుక్కుని వచ్చిన బొమ్మకి చేతిలో తుపాకీ ఎప్పుడూ వంకరే. మెత్తటి పీవీసీ కదా. దానికి సీనియర్ నేర్పిన వైద్యం: కప్పులో వేడినీళ్లు, కాసేపు ముంచడం, వేళ్లతో నిటారుగా పట్టుకోవడం, వెంటనే చల్లటి నీళ్లలో వేయడం. ఆఫీసు ప్యాంట్రీలో నేను గ్రీన్ టీ కప్పులోంచి జాకూని తీస్తుంటే మా మేనేజర్ చూసి, ఏమీ అనకుండా తన కాఫీ తీసుకుని వెళ్లిపోయాడు.

సైనికుల మీద ప్రేమ పుట్టాక గండమ్ దగ్గర ఆగడం కష్టం. 1983లో వచ్చిన వోటమ్స్ అనే సిరీస్‌లో స్కోప్‌డాగ్ అని ఒక యంత్రం ఉంది. గీసింది ఒకవారాయే, దర్శకుడు ర్యోసుకే తకహషి. ఎత్తు నాలుగు మీటర్లకి లోపు, అంటే లారీకి కాళ్లొస్తే ఎంతో అంత. మొహం ఉండాల్సిన చోట మూడు కటకాలు, గుండ్రంగా తిరుగుతూ. ఆ కథలో హీరోకి సొంత యంత్రమంటూ లేదు. ఒకటి పాడైతే వదిలేసి, దొరికిన ఇంకో స్కోప్‌డాగ్ ఎక్కుతాడు. గండమ్ కూడా చేయడానికి సాహసించని పని అది. నా మటుకు నాకు రోబో కథలన్నిట్లోనూ ఇంత నిజాయితీ ఉన్న యంత్రం ఇంకోటి లేదు. తెల్లటి గండమ్‌కి టోక్యోలోని ఒదైబాలో నిలువెత్తు విగ్రహం కట్టారు, స్కోప్‌డాగ్‌ని సామాన్యంగా ఎవరూ తలుచుకోరు. సరే, లోకం అంతే.

ఆ విగ్రహం సంగతి కూడా చెప్పాలి. 18 మీటర్ల గండమ్, 2012 నుంచి డైవర్‌సిటీ షాపింగ్ మాల్ ముందు నిలబడి ఉండేది. ఇండియా నుంచి ఎవరొచ్చినా చూపించడానికి తీసుకెళ్లేవాణ్ని. అందరూ దాని కాళ్ల మధ్య నిలబడి ఫొటో దిగేవాళ్లు. నేను జేబులోంచి అయిదు సెంటీమీటర్ల జాకూని తీసి, దాని కాలి పక్కన పెట్టి ఫొటో తీసేవాణ్ని. 2017 మార్చిలో దాన్ని విప్పేశారు, ఆ సెప్టెంబర్‌లో అదే చోట 19.7 మీటర్ల యూనికార్న్ గండమ్ లేచింది. కొత్తది లైట్లు మార్చుకుంటుంది, రూపం మార్చుకుంటుంది. నాకు పాతదే నచ్చింది.

నకనో బ్రాడ్‌వే మాత్రం వారం వారం వెళ్లకూడని చోటు. 1966లో కట్టిన పాత భవనం, పైఅంతస్తుల నిండా పాత బొమ్మల, పాత పుస్తకాల దుకాణాలు. పాత కామిక్స్‌కీ బొమ్మలకీ పేరుపడ్డ మాందరాకే దుకాణం 1980లో మొదలైంది అక్కడే. మెషీన్లలో అయిపోయిన సిరీస్ మళ్లీ రావడం అరుదు కాబట్టి, తప్పిపోయిన బొమ్మలన్నీ చివరికి ఇక్కడ తేలతాయి. జిప్ కవర్లో బొమ్మ, దాంతో వచ్చిన మడత కాగితం, మీద ధర చీటీ. నాకు లాభం ఏమిటంటే, హీరో బొమ్మల మీద వెయ్యి యెన్లు రాసి ఉన్నప్పుడు కూడా జిమ్‌లూ జాకూలూ అడుగున బుట్టలో వంద యెన్లకి పడి ఉండేవి. అందరికీ ఎక్కువైపోయిన సైనికులు.

అక్కడే ఒకసారి వరల్డ్ ట్యాంక్ మ్యూజియం పెట్టెలు దొరికాయి. 2002లో తకారా కంపెనీ తెచ్చిన ట్యాంకులు. ఇవి గాచాలో పడేవి కావు, మిఠాయి పెట్టెలో వచ్చేవి. విప్పేదాకా ఏ ట్యాంకో తెలియదు, ఆ విషయంలో తేడా లేదు. వాటిని మలిచింది కైయోదో. 1964లో ఒసాకా ప్రాంతంలో చిన్న మోడల్ దుకాణంగా మొదలైన సంస్థ. వేలెడు పొడవు కూడా లేని టైగర్ ట్యాంకు మీద మరలూ బురదా రంగులు చూస్తే కళ్లు నమ్మవు. కొలత 1/144, అంటే గండమ్ కిట్ల కొలతే. పన్నెండు సెంటీమీటర్ల జాకూ కిట్ పాదం పక్కన ఆ టైగర్‌ని పెట్టినప్పుడు మొదటిసారి ఆ రోబో ఎంత పెద్దదో నాకు నిజంగా అర్థమైంది. ఒదైబా విగ్రహం కింద నిలబడ్డప్పుడు కూడా అంత అర్థం కాలేదు. చరిత్రలో ఉన్న యుద్ధయంత్రం పక్కన ఊహలోని యంత్రం నిలబడితే ముందుగా నాకు కలిగింది సరదా కాదు, కాస్త భయం.

ధరల సంగతి. గాచాకి ఒక చిక్కుంది. మెషీన్ తీసుకునేది వంద యెన్ల నాణేలు కాబట్టి అయిదో పదో పెంచడానికి వీల్లేదు. 2014 ఏప్రిల్‌లో అమ్మకం పన్ను 5 నుంచి 8 శాతానికి పెరిగింది. బయట దుకాణాల్లో చీటీలన్నీ మారాయి, మెషీన్ మీద అంకె మారలేదు. ఆ తేడా బొమ్మ మీద కనిపించేది. వీపు మీద రంగు వేయడం మానేసేవారు, లేకపోతే ఉన్న రంగుల్లో ఒకటి తగ్గేది. మా సీనియర్ కొత్త బొమ్మని ముందు వెనక్కి తిప్పి చూసి, నిట్టూర్చి, తర్వాతే మొహం చూసేవాడు. ఆపైన రెండొందలు మూడొందలయ్యాయి. 2017లో మొబైల్ సూట్ అన్‌సెంబుల్ అని అయిదొందల యెన్లది వచ్చింది. కీళ్లు కదులుతాయి, ఒకదాని చెయ్యి ఇంకోదానికి బిగించొచ్చు. వస్తువు గొప్పది, ఒప్పుకుంటాను. కానీ అయిదొందలు పెట్టి జాకూ దబురి పడితే పండగ చేసుకునే గుండె నాకు లేదు.

అమ్మ మూడు నెలలు ఉండటానికి వచ్చినప్పుడు, సూపర్‌మార్కెట్ ముందు నా చేష్టలు చూసి, "ఏవిట్రా ఇది, పెళ్లీడు కొచ్చిన మొగాడివి" అంది. నాణేలు తన చేతిలో పెట్టి, నువ్వే తిప్పమ్మా అన్నాను. వద్దంటూనే తిప్పింది. పడింది బాల్. గండమ్ సైన్యంలో అందరికంటే అధ్వాన్నమైన యంత్రం. అంతరిక్షంలో రిపేరు పనులు చేసుకునే గుండ్రటి వాహనానికి నెత్తిన ఫిరంగి బిగించి యుద్ధానికి పంపేశారు. దాన్ని నడిపేవాళ్లే శవపేటిక అని పిలుచుకుంటారు. కాళ్లుండవు, ఎదురుగా రెండు చిన్న చేతులు. అమ్మకి అది తెగ నచ్చేసింది. "గుండొకటి, దాని మీద పిలకొకటి, మన సంధ్యావందనం శాస్త్రిగారిలా లేడూ" అంది. ఊరెళ్లేటప్పుడు బాల్‌తో పాటు గుప్పెడు జాకూల్ని కూడా చీర మడతల్లో పెట్టుకుని తీసుకెళ్లింది.

ఆ సంక్రాంతికి వీడియో కాల్‌లో బొమ్మల కొలువు చూపించింది. పైమెట్టు మీద దశావతారాలు, మధ్యలో పట్టాభిషేకం సెట్టు, కింద కొండపల్లి అంబారీ ఏనుగూ ఎడ్లబండీ. వాటికి ఎదురుగా వరసగా నా జాకూలు. పేరంటానికి వచ్చినవాళ్లు ఇవేంటండీ అని అడిగితే, "మావాడు టోక్యో నుంచి పంపాడు, రాక్షసులు" అని చెప్పిందట. రాక్షసులు కాదమ్మా, సైనికులు అన్నాను. "ఒంటికన్ను వాళ్లు రాముడి వైపు ఎలా ఉంటార్రా?" అంది. కథ తెలియకపోయినా పక్షం సరిగ్గానే కట్టింది. బాల్ మాత్రం రాముడి వైపు, హనుమంతుడి పక్కన. అది కూడా సరైనదే, బాల్ గండమ్ ఉన్న పక్షమైన ఫెడరేషన్‌ది.

నేను ఇండియా వచ్చేసేటప్పుడు సీనియర్ ఒక కవర్ ఇచ్చాడు. అందులో తన చిన్ననాటి ఎస్‌డి రబ్బరు బొమ్మలు కొన్ని. రంగుల్లేని ఒకే ముద్ద, బల్ల మీద కొట్టి ఆడీ ఆడీ అంచులు అరిగినవి. అవి ఇప్పుడు హైదరాబాద్‌లో నా అల్మరాలో ఉన్నాయి, పీవీసీ బొమ్మలకి దూరంగా. మన ఎండలకి మెత్తటి ప్లాస్టిక్ జిగురు కడుతుంది. మే నెల వచ్చిందంటే జాకూలన్నీ మెల్లగా ముందుకి వంగుతాయి. జూన్‌లో వర్షం పడ్డాక కూర్చుని మళ్లీ వేడినీళ్ల వైద్యం. మా ఆవిడకి ఇప్పుడు అలవాటైపోయింది. టీ గిన్నె మాత్రం ముట్టుకోనివ్వదు, దానికి వేరే గిన్నె కొనిపెట్టింది.

2021లో ఇకెబుకురోలో 3,010 మెషీన్లతో గాషపోన్ దుకాణం తెరిచి గిన్నిస్ రికార్డు కొట్టారని చదివాను. మా సీనియర్‌కి మెసేజ్ పెడితే, వెళ్లాననీ, ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక ఒక్కటే తిప్పి వచ్చేశాననీ రాశాడు. ఏం పడిందో రాయలేదు.

ఇప్పుడు మా అన్నయ్య కొడుకు చదువుకోవడానికి ఒసాకా వెళ్తున్నాడు. నీకేం తేవాలి బాబాయ్ అని అడిగాడు. స్కోప్‌డాగ్ ఎక్కడ కనిపించినా, ఎన్ని పడినా తెమ్మన్నాను. గండమ్ పడితే నువ్వే ఉంచుకో అన్నాను. వాడు ఫోన్ పెట్టేయబోతుంటే వెనకనుంచి అమ్మ, ఆ గుండు శాస్త్రిగారికి జోడీ ఒకటి దొరుకుతుందేమో చూడమంది.